వార్డులో నేర్పింది ఒకటి, కొత్త పరిశోధన చెప్పేది ఇంకొకటి: పీజీలు దేన్ని పట్టుకోవాలి?

రెండో ఏడు పీజీ

అందరికీ నమస్కారం. పీడియాట్రిక్స్‌లో పీజీ రెండో సంవత్సరం చేస్తున్నాను. ఒక విషయం వారం రోజులుగా మనసులో నలుగుతోంది. మా వార్డులో అడిగితే ఎవరో ఒకరిని తప్పు పట్టినట్టవుతుందని ఇక్కడ అడుగుతున్నాను.

రాత్రి రెండింటికి మూడేళ్ల పాప వచ్చింది. మూడు రోజులుగా జ్వరం. చేతులూ కాళ్లూ చల్లగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి నాలుగు సెకన్లు పట్టింది. నాడి వేగంగా కొట్టుకుంటోంది కానీ వేలికి బాగానే అందుతోంది. బీపీ పడిపోలేదు. వాంతులు, విరేచనాలు లేవు. మొదటి ఏడాదిలో నేర్పినట్టే కిలోకి 20 మి.లీ. సెలైన్ గబగబా ఎక్కించడానికి సిరంజి చేతిలోకి తీసుకున్నాను. మా సీనియర్ అక్క ఆపింది. "మామూలు డ్రిప్ పెట్టి, యాంటీబయాటిక్ ముందు ఇచ్చి, పది నిమిషాలకోసారి చూద్దాం" అంది. పొద్దున రౌండ్స్‌లో సర్ కేస్ షీట్ చూసి, "షాక్ (రక్తప్రసరణ బాగా తగ్గిపోవడం) అంటే ముందు నీళ్లు (సెలైన్). ఎందుకు ఇవ్వలేదు?" అని ఇద్దర్నీ గట్టిగా మందలించారు.

పాప కోలుకుని ఇంటికి వెళ్లింది. కానీ ఎవరి మాట సరైనదో నాకు తేలలేదు. అక్క నన్ను ఫీస్ట్ ట్రయల్ చదవమంది. చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది. నేను నేర్చుకున్నవాటిలో ఇలా మారిపోయినవి ఇంకెన్ని ఉన్నాయి? మారిందని తెలిసినప్పుడు, సర్ ముందు నిలబడి ఎలా చెప్పాలి?

అంకెల మనిషి

నేను డాక్టర్ని కాదు, క్లినికల్ ట్రయల్స్‌లో గణాంకాలు చూసే ఉద్యోగం. ఫీస్ట్ గురించి మాత్రం చెప్పగలను, ఎందుకంటే మా రంగంలో కొత్తగా చేరేవాళ్లకి నేను మొదట చదివించే పేపర్ అదే.

కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద చేశారు. తీవ్రమైన జ్వరం, దాంతోపాటు రక్తప్రసరణ తగ్గిన గుర్తులు ఉన్నవాళ్లు. కొందరికి సెలైన్ బోలస్ (ఒకేసారి గబగబా ఎక్కించడం), కొందరికి ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రొటీన్) ద్రావణం బోలస్, మిగతావాళ్లకి బోలస్ లేకుండా మామూలు డ్రిప్. ఆల్బుమిన్‌కీ సెలైన్‌కీ మధ్య తేడా చూడటమే వాళ్ల ముఖ్య ఉద్దేశం. తేలింది వేరే. 48 గంటల్లో చనిపోయినవాళ్లు ఆల్బుమిన్ గుంపులో 10.6 శాతం, సెలైన్ గుంపులో 10.5 శాతం, బోలస్ ఇవ్వని గుంపులో 7.3 శాతం. అంటే బోలస్ ఇచ్చిన ప్రతి 100 మందిలో ముగ్గురు అదనంగా చనిపోయారు. 2011లో భద్రతా కమిటీ మధ్యలోనే ఆపించింది.

ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయి ఉంటారని అందరూ అనుకున్నారు. 2013లో అదే బృందం మరణాలన్నీ మళ్లీ విడివిడిగా పరిశీలిస్తే, బోలస్ గుంపులో ఎక్కువగా కనిపించింది గుండె, రక్తప్రసరణ కుప్పకూలడం. అది మొదటి గంటలో కాదు, ఆ తర్వాత జరిగింది. బోలస్ ఇచ్చిన కాసేపటికి పిల్లవాడి చేతులు వెచ్చబడి, అందరూ ఊపిరి పీల్చుకున్న తర్వాత. పక్కన నిలబడి చూసే డాక్టర్‌కి ఆ మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. అనుభవం మీద ఆధారపడి ఈ తప్పుని ఏ డాక్టరూ పట్టుకోలేడు. నేను ఈ పేపర్‌నే ఎందుకు మొదట చదివిస్తానంటే ఇందుకే.

ఇంకో మాట కూడా ముఖ్యం. ఆ ఆస్పత్రుల్లో ఇంటెన్సివ్ కేర్ లేదు. సగానికి పైగా పిల్లలకి మలేరియా ఉంది, చాలామందికి రక్తం బాగా తక్కువ. విరేచనాలతో నీరు పోయినవాళ్లని ట్రయల్‌లో చేర్చుకోలేదు. కాబట్టి "ఏ పిల్లవాడికీ బోలస్ ఇవ్వకూడదు" అని దీన్నుంచి లాగకూడదు.

పాతికేళ్ల స్టెత్

చూడమ్మా, నేను పిల్లల డాక్టర్‌గా పాతికేళ్లు దాటాను. మీ సర్ కోపం నాకు అర్థమవుతుంది. మా రోజుల్లో షాక్‌లో ఉన్న బిడ్డకి నీళ్లు ఆలస్యం చేసి పోగొట్టుకున్నాం. మొదటి గంటలో కిలోకి 60 మి.లీ. దాకా తోసెయ్యమని మాకు నేర్పినవాళ్లు, ఆ బిడ్డల్ని చూసి నేర్పారు. ఆ మాట ఊరికే పుట్టలేదు.

కానీ 2020లో పిల్లల సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరి అవయవాలు దెబ్బతినడం) మీద వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చదివావా? వాటిలో దారి రెండుగా చీలింది. ఇంటెన్సివ్ కేర్ అందుబాటులో ఉంటే మొదటి గంటలో కిలోకి 10 నుంచి 20 మి.లీ. చొప్పున, మొత్తం 40 నుంచి 60 దాకా ఇవ్వొచ్చు. అయితే ప్రతి విడతకీ మళ్లీ పరీక్ష చేసి, ఎక్కువవుతున్న గుర్తు కనిపిస్తే ఆపాలి. ఇంటెన్సివ్ కేర్ లేకపోతే, బీపీ పడిపోనంతవరకు బోలస్ వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చల్లబడ్డ చేతులు, మూడు సెకన్లు దాటిన గోరు రంగు, వేగంగా ఉండి బలహీనపడ్డ నాడి, ఈ మూడూ కలిసి ఉంటేనే షాక్ అంటుంది. మీ పాపకి మూడోది సగమే ఉంది.

కాబట్టి నీ ప్రశ్నకి జవాబు మీ ఆస్పత్రిలో ఆ రాత్రి పీఐసీయూ (పిల్లల ఇంటెన్సివ్ కేర్) మంచం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. ఉందా?

రెండో ఏడు పీజీ

లేదు సర్. వెంటిలేటర్ కావాలంటే వేరే ఆస్పత్రికి పంపాలి. మా సర్ చదువుకున్నది పెద్ద పీఐసీయూ ఉన్నచోట.

పాతికేళ్ల స్టెత్

అయితే మీ సీనియర్ చేసింది సరైనదే. మీ సర్ చెప్పింది ఆయన నేర్చుకున్న చోటికి సరైనది. ఈ రెండు మాటలూ కలిపి ఆయనతో చెప్పు, ఆయన వింటారు.

నాకు నేర్పినవాటిలో మారినవి అడిగావు. ఒక్క రెండు చెబుతాను, ఎందుకంటే అవి నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

మాకు నేర్పిన పెద్దవాళ్ల తరంలో పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని తల్లులకి చెప్పేవారు. వాంతి చేసుకుంటే గొంతులోకి పోకుండా ఉంటుందని. తర్కం వినడానికి బాగుంటుంది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే బిడ్డల్లో బోర్లా పడుకున్నవాళ్లే ఎక్కువని తర్వాత లెక్కలు చెప్పాయి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలైంది, ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. 2005లో కొందరు పాత పేపర్లన్నీ కలిపి చూస్తే, 1970 నాటికే ఆ సాక్ష్యం సరిపడా ఉందట. ఎవరూ ఒకచోట చేర్చి చూడలేదు. చూసి ఉంటే బ్రిటన్‌లోనే 10,000 మందికి పైగా పసిపిల్లలు బతికేవాళ్లని వాళ్ల అంచనా.

రెండోది నొప్పి. నెలలు నిండని బిడ్డకి నొప్పి తెలియదని, మత్తు వాళ్లకి ప్రమాదమని, పేరుకి కాస్త మత్తుతో గుండె పక్కన ఆపరేషన్లు చేసేవారు. 1987లో ఆనంద్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు లాన్సెట్‌లో రాశారు. ఆపరేషన్‌లో ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు కూడా ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ తగ్గాయి. అంతకుముందు ఆ బిడ్డలు ఎంత భరించి ఉంటారో ఆలోచించలేను.

ఇంక్యుబేటర్ పక్కన

నేను ఎన్ఐసీయూ (అప్పుడే పుట్టిన బిడ్డల ఇంటెన్సివ్ కేర్) నర్సుని, పద్నాలుగేళ్లు అయింది. సర్ నొప్పి గురించి చెప్పారు కాబట్టి నాదీ ఒకటి చెప్తాను. ఇప్పటికీ మడమకి సూది గుచ్చేటప్పుడు "చిన్నదేగా" అని గబుక్కున గుచ్చేసే పీజీలున్నారు. పాలు తాగిస్తూనో, అమ్మ గుండె మీద పెట్టో గుచ్చితే బిడ్డ ఎంత తక్కువ ఏడుస్తుందో ఒకసారి పక్కన నిలబడి చూస్తే చాలు. నేను అందరు పీజీలనీ మొదటి వారంలో అలా నిలబెడతాను.

మా దగ్గర మారినవాటిలో నాకు అన్నిటికంటే పెద్దది కంగారూ కేర్, అంటే బిడ్డని అమ్మ గుండెకి ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి ఉంచడం. ఇది 1978లో బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి. మాకు నేర్పింది ఏమిటంటే, బిడ్డ ముందు నిలదొక్కుకోవాలి, ఆక్సిజన్ తీసెయ్యాలి, ఆ తర్వాతే అమ్మ గుండె మీద పెట్టాలి అని. 2021లో ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లోని ఐదు ఆస్పత్రుల్లో చేసిన ట్రయల్ వచ్చింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డలు 3,211 మంది. సగం మందికి పుట్టగానే మొదలుపెట్టారు, సగం మందికి నిలదొక్కుకున్నాక. 28 రోజుల్లో మరణాలు 12 శాతం, 15.7 శాతం. అది కూడా మధ్యలో ఆపారు, ఎందుకంటే రెండో గుంపుకి ఇవ్వకుండా ఉండటం న్యాయం కాదని.

చదవడానికి సులువుగానే ఉంది కదా. చెయ్యాలంటే అమ్మకి ఎన్ఐసీయూలో మంచం కావాలి. సిజేరియన్ అయిన తల్లిని చూసే నర్సు కూడా అక్కడే ఉండాలి. ఆ ట్రయల్‌లో అమ్మల్ని బిడ్డల దగ్గరే ఉంచేలా వార్డులే మార్చారు, రోజుకి సగటున 17 గంటల దగ్గర బిడ్డ అమ్మ గుండె మీద ఉంది. పేపర్ చదివిన పీజీ వచ్చి "సిస్టర్, పెట్టండి" అంటే అయిపోదు. బిడ్డకి సిప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రం) ట్యూబు ఊడకుండా అమ్మ ఒంటి మీదికి ఎలా మార్చాలో పీజీలకి ఎవరూ నేర్పరు. మాతో కలిసి ఒక్కసారి చేస్తే వచ్చేస్తుంది.

పసిదాని అమ్మ

నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. నా పాప 29 వారాలకి పుట్టింది. ఇప్పుడు నాలుగేళ్లు, బాగుంది. మీ అందరి మాటలూ చదువుతుంటే ఏడుపొచ్చింది, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు.

సిస్టర్, మా పాపని పదమూడో రోజు దాకా నా ఒళ్లోకి ఇవ్వలేదు. గాజుపెట్టె బయట కూర్చునేదాన్ని. అప్పుడు ఒక డాక్టర్ ఆక్సిజన్ సాచురేషన్ 95 దాటకూడదన్నారు, ఇంకో డాక్టర్ 90 కంటే తగ్గకూడదన్నారు, రాత్రి మానిటర్ మోగినప్పుడల్లా ఎవరి మాట ప్రకారం మోగుతోందో అర్థమయ్యేది కాదు. ఎవరూ అబద్ధం చెప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది. కానీ ఒక్కరైనా "ఇది ఈ మధ్య మారిందమ్మా, ఇందుకు మారింది" అని ఒక్క నిమిషం కూర్చుని చెప్పి ఉంటే, అన్ని రాత్రులు నేను భయపడేదాన్ని కాదు. పీజీలకి ఇది కూడా నేర్పుతారా?

ఇంక్యుబేటర్ పక్కన

అమ్మా, తప్పకుండా రాయండి. ఇక్కడ మీ మాటే అందరికంటే ఎక్కువ అవసరం.

మీకు ఇద్దరూ చెప్పింది ఒకే పరిధికి రెండు కొసలు. ఎక్కువైతే కంటి రెటీనా పాడవుతుంది. 1940ల్లో, 50ల్లో ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చి వేలమంది పిల్లల చూపు పోయింది. తక్కువైతే ప్రాణానికే ప్రమాదం. 2010లో 24 నుంచి 27 వారాలకి పుట్టిన 1,316 మంది బిడ్డల మీద చేసిన ట్రయల్‌లో, 85 నుంచి 89 మధ్య ఉంచిన గుంపులో కంటి సమస్య సగం కంటే తక్కువే, కానీ మరణాలు 19.9 శాతం. 91 నుంచి 95 మధ్య ఉంచిన గుంపులో 16.2. అందుకే కింద 90, పైన 95 చూసుకుంటాం. మానిటర్ మోగేది మీ పాపని ఆ రెండింటి మధ్య ఉంచడానికే.

పసిదాని అమ్మ

నాలుగేళ్ల తర్వాత ఇవాళ అర్థమైంది. థాంక్స్ సిస్టర్.

చిన్న ఆస్పత్రి డాక్టర్

అన్నీ బాగున్నాయి. కానీ నిజం చెప్పండి, రోజుకి 80 మంది పిల్లల్ని చూసేవాడికి ఇన్ని పేపర్లు చదివే టైం ఎక్కడిది? ప్రతి నెలా ఏదో ఒకటి మారుస్తూ పోతే తల్లిదండ్రులు మమ్మల్ని నమ్ముతారా? కొత్తది వచ్చిందని పరిగెత్తడం కంటే పదేళ్లు ఆగి, నిలబడింది మాత్రమే తీసుకుంటే నష్టమేముంది?

అంకెల మనిషి

డాక్టర్ గారూ, మీ మాటలో సగం నిజం ఉంది, దానికి గట్టి ఉదాహరణ నేనే ఇస్తాను.

పుట్టినప్పుడు ఊపిరాడక మెదడు దెబ్బతిన్న బిడ్డల్ని 72 గంటలు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచితే మేలని 2005 నుంచి ధనిక దేశాల ట్రయల్స్ చెప్పాయి. చాలా దేశాలు మొదలుపెట్టాయి. 2021లో హీలిక్స్ ట్రయల్ వచ్చింది. ఇండియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని ఏడు ఆస్పత్రులు, 408 మంది బిడ్డలు. చల్లబరిచిన గుంపులో 42 శాతం చనిపోయారు, మామూలుగా చూసిన గుంపులో 31 శాతం. అదే జబ్బు, అదే యంత్రం, ఫలితం తలకిందులు. అక్కడి బిడ్డల్లో మెదడు దెబ్బ తగిలిన తీరు, తగిలిన సమయం వేరు కావచ్చని ఆ పరిశోధకులే అంటున్నారు. ఎవరి పిల్లల మీద పరీక్షించారో చూడకుండా తెచ్చుకుంటే ఇలాగే అవుతుంది.

కానీ పదేళ్లు ఆగడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ఖర్చు ఉంటుంది. వేరుశనగ సంగతి చూడండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో ఏమందంటే, అలెర్జీ ప్రమాదం ఎక్కువ ఉన్న పిల్లలకి మూడేళ్ల దాకా వేరుశనగ పెట్టొద్దని. ఆ సలహాకి బలమైన ట్రయల్ ఏదీ లేదు. 2008లో వెనక్కి తీసుకున్నారు. 2015లో లీప్ ట్రయల్ వచ్చింది. 640 మంది పసిపిల్లలు, 4 నుంచి 11 నెలల వయసు, తీవ్రమైన ఎగ్జిమా (దురదపెట్టే చర్మ జబ్బు) గానీ గుడ్డు అలెర్జీ గానీ ఉన్నవాళ్లు. మొదట్లో చర్మ పరీక్షలో వేరుశనగకి స్పందించనివాళ్లలో, దాన్ని తిననివ్వకుండా ఉంచిన గుంపులో ఐదేళ్లకి 13.7 శాతం మందికి అలెర్జీ వచ్చింది. క్రమంగా తినిపించిన గుంపులో 1.9 శాతం. మనం కాపాడుతున్నామనుకున్న సలహా, కాపాడాల్సిన పిల్లలకే హాని చేసింది. ఆగిన ప్రతి ఏడాదీ కొంతమంది పిల్లలకి అలెర్జీ మిగిలింది.

చిన్న ఆస్పత్రి డాక్టర్

ఆఖరి మాట ఒప్పుకుంటాను. నేను కూడా చాలామంది తల్లులకి పెట్టొద్దనే చెప్పాను.

మరి నిమోనియాకి యాంటీబయాటిక్ ఎన్ని రోజులు? నేను ఏడు, పది రాస్తాను. ఈమధ్య కుర్ర డాక్టర్లు మూడు, ఐదు అంటున్నారు.

రాత్రి డ్యూటీ

పీజీ అయ్యాక పీఐసీయూలో పైశిక్షణ (ఫెలోషిప్) చేస్తున్నాను. మీ ప్రశ్నకి సూటిగా: ఆస్పత్రిలో చేర్చాల్సిన అవసరం లేని, లేదా రెండు రోజుల్లోపే ఇంటికి పంపగలిగిన పిల్లలైతే తక్కువ రోజులు చాలు. 2021లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో క్యాప్-ఇట్ ట్రయల్‌లో 824 మంది మీద అమోక్సిసిలిన్ మూడు రోజులు, ఏడు రోజులు పోల్చారు. మళ్లీ యాంటీబయాటిక్ అవసరమైనవాళ్లు రెండు గుంపుల్లోనూ 12.5 శాతమే. కెనడాలో సేఫర్ ట్రయల్‌లో ఐదు, పది రోజులు పోల్చితే కూడా తక్కువ రోజులు వెనకబడలేదు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకీ, ఊపిరితిత్తి చుట్టూ చీము చేరినవాళ్లకీ ఇది వర్తించదు.

చదివే టైం గురించి అన్నారు కదా. అసలు నేర్చుకునే టైం గురించే నాకు బాధ. 30 గంటలు నిద్ర లేకుండా డ్యూటీ చేసి, పొద్దున జర్నల్ క్లబ్‌లో (పరిశోధన పేపర్లు చర్చించే సమావేశంలో) పేపర్ చెప్పమంటారు. కళ్లు తెరుచుకోవు. డ్యూటీ గంటలు తగ్గించకుండా శిక్షణ గురించి ఏం మాట్లాడినా లాభం లేదు.

పాతికేళ్ల స్టెత్

బాబూ, మేం 36 గంటలు చేశాం. జబ్బు రాత్రి ఎలా ముదురుతుందో, తెల్లారేసరికి ఎలా తగ్గుతుందో ఒకే బిడ్డ పక్కన కూర్చుని చూశాం. ఎనిమిది గంటలకోసారి మనిషి మారితే ఆ బిడ్డ కథ ఎవరికి పూర్తిగా తెలుస్తుంది?

రాత్రి డ్యూటీ

గౌరవంతోనే కాదంటున్నాను సర్. 2004లో పెద్దవాళ్ల ఐసీయూల్లో చేసిన ట్రయల్‌లో, పాత పద్ధతిలో పొడుగు డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు తీవ్రమైన తప్పులు 36 శాతం ఎక్కువ చేశారు. నిద్ర లేని డాక్టర్ చేతిలో పిల్లల డోసు దశాంశం ఒక్కటి తప్పితే పదింతలవుతుంది. పెద్దవాళ్లకి ఒక ఆంపూల్ ఒక డోసు. మనకి ఒక్క ఆంపూల్‌లోనే పదిమంది బిడ్డల డోసులుంటాయి. ఆ తేడా మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

అంకెల మనిషి

ఇద్దరూ ఒక పేపర్ చూడాలి. 2020లో ఆరు పిల్లల ఐసీయూల్లో రోస్టర్స్ అనే ట్రయల్ జరిగింది. 24 గంటలు దాటే డ్యూటీలు ఒకవైపు, 16 గంటలకి మించని డ్యూటీలు ఇంకోవైపు. తక్కువ గంటలు గెలుస్తాయని అందరూ అనుకున్నారు. తీవ్రమైన తప్పులు తక్కువ గంటల డ్యూటీలోనే ఎక్కువ వచ్చాయి. 1,000 రోగి-రోజులకి 97.1, పాత పద్ధతిలో 79. రాత్రి డ్యూటీ గారు నిరాశపడొద్దు, వెనక కారణం ఉంది. డ్యూటీ గంటలు తగ్గించినప్పుడు మనుషుల్ని సరిపడా పెంచలేదు. ఒక్కో రెసిడెంట్‌కి (శిక్షణలో ఉన్న డ్యూటీ డాక్టర్‌కి) పిల్లలు 6.7 నుంచి 8.8 కి పెరిగారు. ఆ భారాన్ని లెక్కలో సరిచేస్తే ఎక్కువ కనిపించిన తప్పులు మాయమయ్యాయి. నా దృష్టిలో గంటలకంటే ముందు అడగాల్సింది, ఒక్కో డాక్టర్ చేతిలో ఎంతమంది బిడ్డలు అని.

పాతికేళ్ల స్టెత్

ఇది నాకు తెలియదు. మా రాత్రుల్లో వార్డులో ఉండే పిల్లల సంఖ్య ఇప్పటిలో సగం కూడా కాదు. ఆ తేడా నేను లెక్కలోకి తీసుకోలేదు. రాత్రి డ్యూటీ బాబూ, నీ మాట కాదన్నది తొందరపాటే.

బొమ్మ మీద సాధన

వైద్య విద్యలో సిమ్యులేషన్, అంటే బొమ్మల మీద సాధన, నేర్పుతాను. స్టెత్ గారు అడిగిన "బిడ్డ కథ ఎవరికి తెలుస్తుంది" అన్న ప్రశ్నకి జవాబుంది. హ్యాండోవర్‌ని, అంటే డ్యూటీ మారేటప్పుడు బిడ్డ సంగతి తర్వాతివాళ్లకి అప్పగించడాన్ని కూడా ఒక నైపుణ్యంగా నేర్పాలి. తొమ్మిది పిల్లల ఆస్పత్రుల్లో ఐ-పాస్ అనే పద్ధతి పెట్టి 10,740 అడ్మిషన్లు పరిశీలించారు, 2014లో ఫలితాలొచ్చాయి. వైద్య తప్పులు 23 శాతం తగ్గాయి, ఆపగలిగిన హాని 30 శాతం తగ్గింది. దానికి ఎక్కువ టైం కూడా పట్టలేదు. బిడ్డ ఎంత సీరియస్, కథ ఏమిటి, చెయ్యాల్సిన పనులు, ఏం జరిగితే ఏం చెయ్యాలి, చివరికి విన్నవాళ్లు తిరిగి చెప్పడం. ఈ ఆఖరిదే అందరూ వదిలేస్తారు. విన్నవాళ్లు తిరిగి చెప్పినప్పుడే "అయ్యో, అది కాదు" అన్న మాట బయటికొస్తుంది.

ఇక నా అసలు బాధ. ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి, పీజీకి నేర్పేశామనుకుంటాం. 2010లో మొదలైన హెల్పింగ్ బేబీస్ బ్రీత్ శిక్షణ గురించి తెలుసు కదా, పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోనే బ్యాగ్‌తో ఊపిరి అందించడం. టాంజానియాలో ఒక ఆస్పత్రిలో ఒక్కరోజు కోర్సు తర్వాత బొమ్మ మీద అందరూ చక్కగా చేశారు. లేబర్ రూంలో నిజమైన బిడ్డ దగ్గర ఏమీ మారలేదు. తర్వాత అక్కడే, వార్డులోనే, కొద్ది నిమిషాల సాధన తరచూ చేయించారు. అప్పుడు 24 గంటల్లోపు మరణాలు తగ్గాయి. నేను ఇది చదివాక మా బొమ్మని సెమినార్ హాల్ అల్మారాలోంచి తీసి లేబర్ రూం తలుపు పక్కన పెట్టాను. డ్యూటీ మారే ప్రతిసారీ రెండు నిమిషాలు. మొదట నవ్వారు. ఇప్పుడు బ్యాగ్ పట్టుకునే చేతులే వేరు.

పసిదాని అమ్మ గారు అడిగినదానికి నిజాయితీగా చెబుతున్నాను: మాట్లాడటం నేర్పుతాం కానీ, "ఇది మారింది, ఇంతకుముందు మేం ఇలా చెప్పాం" అని చెప్పడం ప్రత్యేకంగా నేర్పడం లేదు. వచ్చే బ్యాచ్‌కి అది సాధనలో పెడతాను. మీకు అభ్యంతరం లేకపోతే మానిటర్ మోగిన ఆ రాత్రినే ఉదాహరణగా తీసుకుంటాను, పేర్లు లేకుండా.

పసిదాని అమ్మ

తీసుకోండి. అమ్మ పాత్రకి ఒక మాట చేర్చండి. అమ్మ ప్రశ్న అడగదు. అడిగితే డాక్టర్‌కి కోపమొస్తుందేమో, పాపని సరిగా చూడరేమో అని ఊరుకుంటుంది. నేనలాగే ఊరుకున్నాను.

ఒక చిన్న సందేహం. ఇంటికి వచ్చాక పాపకి మందు చెంచాతో పోసేదాన్ని. అది తప్పా?

ఇంక్యుబేటర్ పక్కన

తప్పు మీది కాదమ్మా, చెంచా అని రాసిన మాది. 2016లో 2,110 మంది తల్లిదండ్రుల్ని మందు కొలవమంటే 84 శాతం మంది కనీసం ఒక్కసారైనా కొలత తప్పారు. మూత కప్పుతో కొలిచినప్పుడు తప్పు అవకాశం సిరంజితో పోలిస్తే నాలుగింతల పైమాటే. సూది లేని సిరంజి, మి.లీ. లెక్క, అంతే. నేను డిశ్చార్జ్ రోజున గీత దగ్గర రంగు టేపు అంటించి పంపుతాను.

రెండో ఏడు పీజీ

అందరివీ రెండేసి సార్లు చదివాను. ఒకటి అడగాలి. ఇంత మారిపోతుంటే దేని మీద నమ్మకం పెట్టుకోవాలి? మొన్న మా బ్యాచ్‌లో ఆర్ఎస్‌వీ (పసిపిల్లల ఊపిరితిత్తులకి సోకే వైరస్) గురించి చర్చ వస్తే ఒకరు "1960ల్లో దాని టీకా పిల్లల్ని చంపింది కదా" అన్నారు. అందరం నోరు మూసుకున్నాం.

రాత్రి డ్యూటీ

ఆయన చెప్పింది నిజం. ఫార్మలిన్‌తో చంపిన వైరస్ టీకా అది. తర్వాత ఆర్ఎస్‌వీ సోకినప్పుడు టీకా వేసుకున్న పిల్లల్లో 80 శాతం ఆస్పత్రిలో చేరారు, వేసుకోనివాళ్లలో 5 శాతం. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. రంగం మొత్తం దశాబ్దాలు వెనక్కి వెళ్లింది.

కానీ కథ అక్కడ ఆపెయ్యడం అన్యాయం. ఎందుకు అలా అయిందో వెతికారు. వైరస్ మీదున్న ఎఫ్ ప్రొటీన్ కణంలోకి దూరకముందు ఒక ఆకారంలో, దూరాక ఇంకో ఆకారంలో ఉంటుంది. పాత టీకా పనికొచ్చే ఆకారాన్ని చూపించలేదు. 2013లో ఆ ముందు ఆకారాన్ని నిలిపి ఉంచడం సాధ్యమైంది. ఇప్పుడు నిర్సెవిమాబ్ ఉంది. టీకా కాదు, నేరుగా ఇచ్చే యాంటీబాడీ, ఒక్క ఇంజెక్షన్. హార్మోనీ ట్రయల్‌లో 8,058 మంది పసిపిల్లల్లో ఆర్ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరడం 83 శాతం తగ్గింది. చలికాలం మా పీఐసీయూలో బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల వాపు) బిడ్డలతో మంచాలు నిండిపోతాయి. మందు లేదు, ఆక్సిజన్ పెట్టి, నీళ్లు అందేలా చూసి, ఎదురుచూడటమే. ఆ బిడ్డల్ని చూసిన నాకు ఆ 83 ఎంత పెద్ద సంఖ్యో తెలుసు.

చిన్న ఆస్పత్రి డాక్టర్

2025లో ఫిలడెల్ఫియాలో ఒక పసివాడికి అతని ఒక్కడి కోసమే జన్యువుని సరిచేసే మందు తయారుచేశారని చదివాను. లివర్‌లో అమ్మోనియా తొలగించే ఎంజైమ్ లేని బిడ్డ. ఆరు నెలల్లో తయారుచేసి ఇచ్చారట.

అంకెల మనిషి

నిజమే. ఒక్క బిడ్డ కాబట్టి, ఎంతకాలం నిలుస్తుందో చూడాలి. కానీ అరుదైన జబ్బులున్న పిల్లల తల్లిదండ్రులకి అది తలుపు తెరుచుకోవడమే.

పాతికేళ్ల స్టెత్

నమ్మకం గురించి అడిగావు తల్లీ. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ పేజీలో నేను రోజూ చేసే పని, దాని పక్కన అది ఎక్కడ నేర్చుకున్నానో. పేపర్ నుంచా, సర్ నుంచా, ఊరికే అలవాటా. అలవాటు అని రాసుకున్నవాటిని నెలకి ఒకటి చొప్పున వెతుకుతాను. నెలకి ఒక్కటే. చిన్న ఆస్పత్రి డాక్టర్ గారూ, అంత టైం మీకూ దొరుకుతుంది. నిన్న రాత్రి "డ్యూటీ గంటలు" అని రాసుకున్నాను.

రెండో ఏడు పీజీ

చెప్పాల్సింది ఒకటుంది. ఇవాళ మధ్యాహ్నం సర్ గదికి వెళ్లాను. స్టెత్ సర్ చెప్పినట్టే, "సర్, పీఐసీయూ ఉన్నచోట మీరు చెప్పిందే రాసుంది, లేనిచోట వేరేలా రాసుంది, మనకి లేదు కదా" అన్నాను. గొంతు వణికింది. ఆయన 2020 మార్గదర్శకాలు నా ఫోన్‌లోనే చదివారు, రెండుసార్లు. తర్వాత ఆయన తొలినాళ్ల పోస్టింగ్‌లో నీళ్లు ఆలస్యమై చనిపోయిన ఒక బాబు గురించి చెప్పారు. పేరు కూడా గుర్తుంది ఆయనకి. శుక్రవారం జర్నల్ క్లబ్‌లో ఫీస్ట్ చెప్పమన్నారు. సీనియర్ అక్కని పిలిచి ఆమెతో కూడా మాట్లాడారు.

రేపటి నుంచి ఎమర్జెన్సీలో నా పోస్టింగ్. బోలస్ ఇవ్వాల్సి వస్తే ఎక్కువైందని తెలిసే మొదటి గుర్తు ఏది? పుస్తకంలో నాలుగైదు రాశారు.

పాతికేళ్ల స్టెత్

మొదలుపెట్టకముందే లివర్ అంచు తడిమి పొట్ట మీద పెన్నుతో గీత గియ్యి, పక్కన టైం రాయి. కిలోకి 10 మి.లీ. వెళ్లిన ప్రతిసారీ మళ్లీ తడుము. గీత దాటి కిందికి వస్తే ఆపెయ్యి. ఊపిరి లెక్క ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టు, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు.

ఇంక్యుబేటర్ పక్కన

ఆ గీత చెరిగిపోకుండా చూడమని డ్యూటీ సిస్టర్‌కి కూడా చెప్పు. ఒళ్లు తుడిచేటప్పుడు పోతుంది.